నా నంబరు ఎవరి ఫోన్లో ఉంది?

2020 డిసెంబరు నెల. చేగుంట చౌరస్తాలో చాయ్ తాగుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే అవతలి మనిషి మా వీధిలో బట్టలు కుట్టే ఒక కుర్రాడి పేరు చెప్పాడు. "వాడు మా దగ్గర అప్పు తీసుకొని ఎగ్గొట్టిండు. నువ్వన్న కట్టు, వానితోనన్న కట్టించు" అన్నాడు. ఆ కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు. ఇప్పుడు నా ప్యాంట్లు కుడతాడు. మా ఇద్దరికీ ఉన్న పరిచయం అంతే. "వాని అప్పుకు నాకేం సంబంధమయ్యా?" అని అడిగాను.

"నీ నంబరు వాని ఫోన్ల ఉన్నది గదా!" అన్నాడు.

ఆ సాయంత్రం అతని దుకాణానికి వెళ్లాను. మిషను ముందు తల వంచుకొని కూర్చున్నాడు. ఒక అప్పుల యాప్‌లో ఐదు వేలు అడిగితే చేతికి వచ్చింది మూడున్నర వేలట. వారంలో ఐదు వేలూ కట్టాలట. కరోనాతో పెళ్లిళ్లు ఆగిపోయాయి, కుట్టుపని లేదు. యాప్ వేసుకునేటప్పుడు ఏమేం అడిగిందో గుర్తుందా అంటే, "ఏమో అడిగింది సార్, అన్నిటికీ ఓకే కొట్టిన" అన్నాడు. అప్పటికే వాళ్ల మేనమామకు, అక్క అత్తగారింటికి, ఎప్పుడో ఒకసారి జాకెట్టు కుట్టించుకున్న ఆడవాళ్లకు కూడా ఫోన్లు వెళ్లాయి. అప్పుకన్నా అదే అతన్ని ఎక్కువ కుంగదీసింది. ఊళ్లో ఎవరి ముఖం చూడాలన్నా జంకుతున్నాడు.

ఆ నెలంతా తెలంగాణలో ఇవే వార్తలు. సిద్దిపేట నుంచి హైదరాబాద్ శివార్ల దాకా లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, సుమారు 1.4 కోట్ల లావాదేవీల్లో 21 వేల కోట్ల రూపాయల దాకా చేతులు మారాయని తేల్చారు. తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన అధ్యయన బృందం 2021 నవంబరులో నివేదిక ఇచ్చింది. తాము గుర్తించిన దాదాపు 1,100 అప్పుల యాప్‌లలో 600 అక్రమమైనవేనని అందులో చెప్పింది.

ఈ యాప్‌లు ఇల్లు, నగలు, జామీను ఏమీ అడగవు కదా, ఏ ధైర్యంతో అప్పిస్తాయని అప్పట్లో చాలామంది అడిగారు. అవి తాకట్టు పెట్టుకునేది మన ఫోన్లోని పేర్ల జాబితాను. అప్పు తీసుకున్నవాడికి భయం పుట్టించేది ఆ జాబితాయే. అందులో నేనూ ఉన్నాను. నన్ను తాకట్టు పెడుతున్నట్టు ఆ కుర్రాడికి తెలియదు, నాకూ తెలియదు.

కాంటాక్ట్స్ అనగానే పేరు, నంబరు మాత్రమే గుర్తొస్తాయి. ఫోన్ లోపల అది ఒక చిన్న డేటాబేస్. ఒక్కో మనిషికి పేరు, రెండు మూడు నంబర్లు, ఈమెయిల్, చిరునామా, పుట్టినరోజు, ఫొటో, పక్కన రాసుకున్న ముచ్చట, ఇన్నిటికీ అందులో గళ్లు ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో "అనుమతించండి" అన్న మాట మీద వేలు పెట్టగానే ఆ డేటాబేస్‌ను మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివే హక్కు యాప్‌కు వస్తుంది. చదివినదాన్ని ఇంటర్నెట్ మీదుగా తన సర్వర్‌కు పంపడానికి మళ్లీ అడగనక్కర్లేదు. వెయ్యి పేర్ల జాబితా ఒక మామూలు ఫొటోకన్నా చిన్న ఫైలు. రెప్పపాటులో వెళ్లిపోతుంది. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతి రద్దు చేస్తే ఇకమీదట చదవడం ఆగుతుంది. వెళ్లిపోయిన కాపీ మాత్రం వెనక్కి రాదు.

ఇలా జరుగుతోందని లోకానికి గట్టిగా తెలిసింది 2012 ఫిబ్రవరిలో. సింగపూర్‌లో ఉంటున్న అరుణ్ థంపి అనే డెవలపర్, 'పాత్' అనే సోషల్ నెట్‌వర్క్ యాప్ తన ఐఫోన్ నుంచి బయటికి ఏం పంపుతోందో గమనించాడు. అతని అడ్రస్ బుక్ మొత్తం కంపెనీ సర్వర్‌కు పోతోంది. అడగడమనేదే లేదు. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పి, అలా చేరిన జాబితాలను చెరిపేయించాడు. ఆ ఏడాదే ఆపిల్, కాంటాక్ట్స్ చదవాలంటే యాప్ ముందుగా అడిగి తీరాలన్న నియమాన్ని ఐఓఎస్ 6లో పెట్టింది. ఆండ్రాయిడ్‌లో అయితే 2015లో 6.0 వెర్షన్ వచ్చేదాకా ఒక్కో అనుమతినీ విడిగా కాదనే వీలే లేదు. యాప్ కావాలంటే అది కోరినవన్నీ ఒప్పుకోవాలి, లేదంటే యాప్ వదులుకోవాలి.

ఇప్పుడు అడుగుతున్నాయి, నిజమే. ఆ అడగడంలోనే ఒక లోటుంది. కెమెరా, మైకు, లొకేషన్ విషయంలో 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి "ఈ ఒక్కసారికే" అనే మూడో దారి ఉంది. కాంటాక్ట్స్‌కు అది లేదు. యాప్ జాబితా అంతా చదువుతానంటే అంతా ఇవ్వాలి, లేదంటే అసలు ఇవ్వకూడదు. ఒక్క మనిషి నంబరే కావలసిన యాప్‌కు ఆ ఒక్కరినే ఎంచుకొనిచ్చే పద్ధతి ఆండ్రాయిడ్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. యాప్‌లు తయారుచేసేవాళ్లు చాలామంది దాన్ని వాడరు. ఐఫోన్‌లో 2024లో ఐఓఎస్ 18తో, ఏయే పేర్లు ఇవ్వాలో మనమే ఎంచుకునే వీలు వచ్చింది.

మొన్నటి దసరాకు ఇంటికి చుట్టాలొచ్చారు. జమ్మి ఆకు పంచుకున్నాక అందరం వాకిట్లో కూర్చున్నప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. "మీ ఫోన్లలో నన్ను ఏమని పెట్టుకున్నరో చూపిస్తరా?" అని అడిగాను. ఐదుగురు తీసి చూపించారు.

పెద్దమ్మ చదువుకోలేదు. ఆమె ఫోన్లో మనవడు నా ఫొటో పెట్టి "చిన్నోడు" అని రాశాడు. బావ ఫోన్లో "బామ్మర్ది టీచర్ చేగుంట" అని ఉంది. తమ్ముడి దగ్గర రెండు పేర్లున్నాయి: "అన్న", "అన్న పాత నంబర్". మొదటిదాని కింద నా పుట్టినరోజు కూడా ఉంది. మేనకోడలి ఫోన్లో "చేగుంట మామ". ఐదో ఫోన్ మందుల దుకాణం నడిపే స్నేహితుడిది. అందులో ఉన్నది చదివి కాసేపు మాట రాలేదు. "లెక్కల సార్ షుగర్."

అతని మీద నాకు కోపం లేదు. నా మాత్రలు వచ్చినప్పుడు మరిచిపోకుండా ఫోన్ చేయడానికే అలా రాసుకున్నాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషి దొరకడం నా అదృష్టం. కానీ నాకు షుగర్ ఉందని నేను బడిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఐదు ఫోన్లలోని జాబితాలూ ఒకే సర్వర్‌లో చేరాయనుకోండి. నంబరు ఒకటే కాబట్టి ఐదు పేర్లూ ఒక్కచోట అతుక్కుంటాయి. నేను టీచర్ని, చెప్పేది లెక్కలు, ఉండేది చేగుంటలో, నాకొక తమ్ముడున్నాడు, ఒక చెల్లెలో అక్కో ఉండి ఆమెకు పెళ్లయింది, నా పుట్టినరోజు ఫలానా, ఇదివరకు నా నంబరు ఫలానా, నాకు షుగర్ ఉంది. నా ఫొటో కూడా ఉంది. వీటిలో ఒక్కటీ నేను ఇచ్చింది కాదు. ఫోన్ మోగగానే ఇది ఫలానా వారిది అని పేరు చూపించే సదుపాయం వెనక చాలాసార్లు ఉండేది ఇలా పోగైన పేర్లే. దాన్ని వాడుకొని సంతోషించేటప్పుడు, అవతలి మనిషి పేరు అక్కడికెలా చేరిందన్నది మనకు తట్టదు.

ఇంత పెద్ద ఊళ్లో నా నంబరున్నవాళ్లు ఎవరో ఒకరిద్దరు ఆ "అనుమతించండి" నొక్కితే ఎంత, అందరూ నొక్కరు కదా అని ఒక తోటి ఉపాధ్యాయుడు అన్నాడు. ఇది లెక్క కాబట్టి నల్లబల్ల మీదే చేసి చూపించాను. ఉపాధ్యాయుడిని కాబట్టి నా నంబరు ఎంత లేదన్నా 200 మంది దగ్గర ఉంటుందనుకుందాం. ఏదో ఒక చెడ్డ యాప్‌కు నూటికి ఒక్కరే తమ జాబితా ఇస్తారనుకుందాం. ఒక మనిషి ఇవ్వకుండా ఉండే అవకాశం నూటికి 99. ఇద్దరూ ఇవ్వకుండా ఉండాలంటే 99 శాతాన్ని 99 శాతంతో గుణించాలి. 98 చిల్లర వస్తుంది. ఇలా 200 సార్లు గుణించుకుంటూ పోతే మిగిలేది నూటికి 13. అంటే నా నంబరు ఆ యాప్‌కు చేరిపోయే అవకాశం నూటికి 87! నూటికి ఇద్దరు ఇచ్చారంటే అది 98 దాటుతుంది. నూటికి 98 మంది జాగ్రత్తగా ఉన్న ఊళ్లో కూడా నేను దాగే చోటు లేదన్నమాట. నేనొక్కడినే ఎంత జాగ్రత్తపడ్డా ఈ లెక్క మారదు, ఎందుకంటే నా వేలు ఈ లెక్కలో ఎక్కడా లేదు.

దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూసినవాళ్లున్నారు. ఫేస్‌బుక్‌కన్నా ముందొచ్చిన 'ఫ్రెండ్‌స్టర్' నెట్‌వర్క్ సమాచారం తీసుకొని డేవిడ్ గార్సియా అనే పరిశోధకుడు 2017లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు పంచుకున్న వివరాలను బట్టి, అందులో అసలు చేరనివాళ్ల సొంత విషయాలను కూడా ఊహించవచ్చని, చేరినవాళ్లు పెరిగేకొద్దీ ఆ ఊహ బలపడుతుందని అతను చూపించాడు. ఇలా మన ప్రమేయం లేకుండా తయారయ్యే మన బొమ్మను నీడ ప్రొఫైల్ అంటున్నారు. అది ఊహ మాత్రమే కాదని అంతకుముందే తెలిసింది. 2013 జూన్‌లో ఫేస్‌బుక్‌లో ఒక లోపం వల్ల దాదాపు 60 లక్షల మంది నంబర్లు, ఈమెయిళ్లు ఇతరులకు కనిపించాయి. ఇతరులు ఎక్కించిన కాంటాక్ట్ జాబితాల నుంచి వచ్చి చేరిన వివరాలు కూడా వాటిలో ఉన్నాయి.

మేం నంబర్లను ఉన్నవి ఉన్నట్టు దాచం, గుర్తుపట్టడానికి వీల్లేని అంకెలుగా మార్చి దాస్తాం అని కొన్ని కంపెనీలు చెబుతాయి. ఆ మార్పిడిని హ్యాషింగ్ అంటారు. బియ్యాన్ని పిండి పట్టించినట్టే అది. పిండి నుంచి మళ్లీ గింజ చేయలేం. వినడానికి ధీమాగా ఉంటుంది, పెద్ద పాస్‌వర్డ్‌ల విషయంలో పనికొస్తుంది కూడా. ఫోన్ నంబరు దగ్గరే అది నిలవదు. మన దేశంలో మొబైల్ నంబరుకు పది అంకెలు, మొదటి అంకె 6, 7, 8, 9లలో ఒకటి. అంటే ఉండగలిగిన నంబర్లన్నీ కలిపి 400 కోట్లు. మనిషికి అది పెద్ద సంఖ్య. ఇప్పటి మంచి గ్రాఫిక్స్ కార్డు మాత్రం సెకనుకు వందల కోట్ల హ్యాష్‌లు చేయగలదు. ఉన్న నంబర్లన్నిటినీ ఒకసారి పిండి పట్టించి, ఏ నంబరుకు ఏ పిండి వస్తుందో పట్టిక రాసుకుంటే చాలు. తర్వాత ఏ పిండి చూపించినా అది ఏ గింజదో చెప్పేయవచ్చు.

కాంటాక్ట్ జాబితాను ఎక్కించగానే "మీవాళ్లు వీళ్లు ఇక్కడున్నారు" అని చూపించే సదుపాయాన్ని తిరగేసి వాడినవాళ్లూ ఉన్నారు. కల్పించిన నంబర్లను వరసగా తమ కాంటాక్ట్స్ అన్నట్టు ఎక్కిస్తే, ఏ నంబరు ఎవరిదో ఆ సదుపాయమే చెబుతుంది. 2021 ఏప్రిల్‌లో 106 దేశాలకు చెందిన 53.3 కోట్ల మంది ఫేస్‌బుక్ వినియోగదారుల వివరాలు బజారులో పడ్డాయి. మన దేశంవాళ్లు అందులో 60 లక్షల మంది. 2019 సెప్టెంబరుకు ముందు తమ కాంటాక్ట్స్ ఎక్కించే సదుపాయాన్ని ఇలా వాడుకొనే వాటిని లాగారని ఆ కంపెనీయే చెప్పింది. 2025 నవంబరులో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు వాట్సాప్‌లో ఇదే పని చేసి చూసినట్టు వెల్లడించారు. గంటకు 10 కోట్లకు పైగా నంబర్లను అడుగుతూ 350 కోట్ల ఖాతాలను గుర్తించారు. మనం రాసుకునే సందేశాలకు ఉన్న తాళం చెక్కు చెదరలేదు. నంబరు, బయటికి కనిపించేలా పెట్టుకున్న ఫొటో, 'అబౌట్'లో రాసుకున్న మాట మాత్రం దొరికాయి. వాళ్లు పరిశోధకులు కాబట్టి కంపెనీకి చెప్పి ఆ దారి మూయించారు.

అందరూ అలాంటివాళ్లే ఉండరు. 2023 ఏప్రిల్ 1న సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక వ్యక్తి దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు దొరికాయి. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలవి. అతను ఫరీదాబాద్ నుంచి వాటిని అమ్ముతున్నాడు. మన పేరు పెట్టి పిలిచి, "సార్, మీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అనే గొంతుకు మన పేరు ఎలా తెలిసిందని ఇక ఆశ్చర్యపోనక్కర్లేదు.

చట్టం కొంత కదిలింది. లోన్ యాప్‌లు ఫోన్లోని కాంటాక్ట్స్, కాల్ వివరాలు, ఫైళ్లు చదవకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది. గూగుల్ కూడా తన ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు 2023 మే 31 నుంచి ఆ దారి మూసింది. వాట్సాప్‌లో లింకు పంపి నేరుగా ఎక్కించుకోమనే యాప్‌లకు ఈ రెండు నియమాలూ పట్టవు. ఇప్పటి ప్రమాదం ఎక్కువగా అటువైపే ఉంది.

2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఫోన్లోనే డాక్టరుకు చూపించుకునే యాప్ ఒకటి, ఒకామెను వైద్యం కోసం వివరాలతో పాటు కాంటాక్ట్స్ కూడా అడిగింది, ఆమె రెండింటికీ సరేనంది. వైద్యానికి కాంటాక్ట్స్‌తో పనిలేదు కాబట్టి ఆమె సమ్మతి వైద్యం వరకే చెల్లుతుందని ఆరో సెక్షన్ కింద రాశారు. చాలా మంచి మాట. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేది ఆ తర్వాత 18 నెలలకు. కానీ అక్కడ కూడా మాట్లాడింది ఫోన్ పట్టుకున్న ఆమె సమ్మతి గురించే. ఆమె జాబితాలోని మనుషుల ఊసు ఆ ఉదాహరణలో లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కు నాది. దాన్ని వదులుకునే బొత్తాము మాత్రం నన్నెరిగిన రెండు వందల మంది చేతుల్లో ఉంది. వాళ్ల హక్కు కూడా అలాగే నా చేతిలో ఉంది. దీనికి చట్టంలో సరైన చోటు దొరకాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

దసరా రాత్రే పెద్దమ్మ ఫోన్ తీసుకొని సెట్టింగ్స్‌లో అనుమతుల పేజీ తెరిచాను. కాంటాక్ట్స్ చదివే హక్కు పదిహేడు యాప్‌లకు ఉంది. అందులో ఒకటి టార్చిలైటు. ఒకటి పిల్లవాడు ఎక్కించిన రంగుల ఆట.

"లైటుకు మనోళ్ల నంబర్లు ఎందుకురా?" అంది పెద్దమ్మ.

అంతకన్నా సూటి ప్రశ్న ఈ విషయంలో నేనెక్కడా చదవలేదు. ఒక్కొక్కటే తీసేశాం. లైటు ఎప్పటిలాగే వెలిగింది. డబ్బులు పంపే యాప్‌లో కూడా తీసేసి, నంబరు చేత్తో కొట్టినా, దుకాణంలో స్కాన్ చేసినా డబ్బు పోతుందని చూపించాను. వాట్సాప్‌కు మాత్రం ఉంచమంది. తీసేస్తే పేర్ల బదులు నంబర్లు కనబడతాయి, ఇంట్లోవాళ్లు ఆమెకు చదివి చెప్పడం కష్టం. సరేనన్నాను.

వారం తర్వాత సికింద్రాబాద్ పోవడానికి వడియారం స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. బండి ఆలస్యం. నా ఫోన్లో నేను ఎవరిని ఏమని పెట్టుకున్నానో చూద్దామనిపించి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఒక తల్లి పేరు పక్కన "కొడుకు ఫెయిల్" అని ఉంది. ఫీజు కోసం నా దగ్గర చేబదులు తీసుకున్న ఒకాయన పేరు పక్కన "2000 బాకీ" అని ఉంది. ఎప్పుడో తీర్చేశాడు. ఇంకొకరి పక్కన ఆయన భార్య జబ్బు పేరు రాసి ఉంది, రక్తం కావలసి వచ్చినప్పుడు రాసుకున్నదేమో. అన్నీ నా చేతిరాతే అన్నట్టు నా కళ్లకు కొడుతున్నాయి. ఒక్కొక్కటే దిద్దుతూ వచ్చాను.

'ట' దగ్గరకొచ్చేసరికి ఆ కుర్రాడు కనిపించాడు. ఇప్పుడతనికి పెళ్లయింది, దుకాణంలో రెండు మిషన్లున్నాయి. ఆ అప్పు ఎప్పుడో కట్టేశాడు. నా ఫోన్లో మాత్రం ఆ డిసెంబరు సాయంత్రం నుంచి అతని పేరు "టైలర్ లోన్ యాప్" అనే ఉంది.

ఆ మూడు మాటలూ తీసేసి అతని పేరు రాశాను. బండి వస్తోందని మైకులో చెప్పారు.